అయిదో నాళం

చేప తలకాయలో మెదడు కింద, చిన్న ఎముక గుంటలో, పెసరగింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. చదువుకున్నవాళ్ళు దాన్ని పీయూష గ్రంథి అంటారు. కొల్లేటి ఒడ్డున చేపపిల్లల్ని పుట్టించేవాళ్ళు మామూలుగా గింజ అంటారు. ఒక చేప తలలోంచి ఆ గింజని చితక్కుండా తీసి, నూరి, ఆ నీళ్ళని తల్లిచేపకి సూదిమందుగా ఎక్కిస్తే, చెరువు నీళ్ళలో గుడ్డు పెట్టనని మొరాయించే తల్లి కూడా తెల్లారేసరికి లక్షల గుడ్లు పెడుతుంది. అంత శక్తిని అంత చిన్న గింజలో పెట్టిన దేవుడు, దాన్ని ఎముక గుంటలో దాచి, పైన మెదడు కప్పి, ఆ పైన పుర్రె మూసి, ఎందుకింత భద్రం చేశాడో చాలాకాలం ఎవరికీ అర్థం కాలేదు. ఆ ఊళ్ళో గ్రంథుల ఆఫీసు పెట్టాక అర్థమైంది. ఆఫీసుల చేతికి తొందరగా చిక్కకూడదని.

గ్రంథుల ఆఫీసు అసలు పేరు ‘ఎముక చేపల వినాళ గ్రంథుల రక్తనాళ పరిశోధనా కేంద్రం’. ఆ పేరు ఒక బోర్డులో పట్టక పెయింటరు మీరాసాహెబు రెండు బోర్డులు పక్కపక్కన పెట్టి మేకులు కొట్టాడు. గాలి వీచినప్పుడల్లా రెండో బోర్డు ఊడి పడేది. అప్పుడు అది ఒట్టి ఎముకల ఆఫీసుగా మిగిలేది.

ముంగర నాంచారమ్మ ఆ ఆఫీసులోకి చదువు వల్ల రాలేదు, కత్తిపీట వల్ల వచ్చింది. మొగుడు పోయిన ఏడాది నుంచీ ఆమె చేపల బజారులో చేపలు కోసేది. పెద్ద పెద్ద పట్టాలున్న పరిశోధకులు చేప పుర్రె పగలగొట్టగలిగేవారు గాని, లోపల గింజ కూడా పగిలిపోయేది. చివరికి ఎవరో బజారుకొచ్చి, కొబ్బరిచిప్ప లేపినట్టు ఒక్క వాలు దెబ్బతో బొచ్చె చేప తల మూత లేపుతున్న నాంచారమ్మని చూసి, కత్తితో సహా తీసుకుపోయారు. తొమ్మిదేళ్ళయింది. ఆమె ఉద్యోగం పేరు ‘తాత్కాలిక సహాయకురాలు’.

పని రెండు రకాలు. ఒకటి, గింజ తీసి సారా నీళ్ళ సీసాలో వెయ్యడం. రెండోది పరిశోధన. అప్పుడే చచ్చిన చేప గుండెలోకి సన్న సూదితో నీలి సిరా ఎక్కిస్తే, ఆ సిరా నెత్తురు దారులన్నీ పట్టుకుని తలలోకి పాకుతుంది. మూత లేపి, మెదడుని పక్కకి తొలగించి, భూతద్దంలో చూస్తే గింజకి అటు రెండు, ఇటు రెండు నీలి దారాలు కనిపిస్తాయి. అవే గింజకి నెత్తురు తెచ్చే నాళాలు. తొమ్మిదేళ్ళలో నాంచారమ్మ చూసిన గింజలు వేలమీద ఉంటాయి. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, ఏ చేపయినా సరే, ఆమె భూతద్దం కింద అటు రెండు, ఇటు రెండు.

నాంచారమ్మకి ఒక జబ్బు ఉందని ఆఫీసులో అనుకునేవారు. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టమంటే, ముందు వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకునేది. ఆమెకి అక్షరాలు నలభైఆరో ఏట వచ్చాయి. వయోజన బడిలో చెప్పిన పంతులమ్మ మొదటిరోజే ఒక మాట అంది. “వేలిముద్ర వేస్తే కాగితంలో ఏముందో నీకు తెలీదు, పాపం రాసినోడిది. సంతకం పెట్టావంటే చదివినట్టే లెక్క, పాపం నీది.” ఆ మాట నాంచారమ్మకి ఎముకలో దిగింది. ఆమె సంతకం కోసం కాగితం పట్టుకుని నిలబడ్డ గుమాస్తాలకి కాళ్ళు పీకేవి.

ఇక అసలు సంగతి.

ఆఫీసుకి కొత్త భవనం కట్టారు. ముందు హాల్లో గోడ మీద పదడుగుల చేప బొమ్మ వేయించి, దాని తలలో గింజనీ నాళాల్నీ ఎర్రరంగుతో చూపించాలనుకున్నారు. ప్రారంభానికి మంత్రిగారు వస్తున్నారు. మీరాసాహెబు నిచ్చెనెక్కి నాలుగో నాళం దిద్దుతుండగా, కారు గేటులోకి వచ్చేసిందని కింద ఒకటే కేకలు. ఆయన కంగారుగా దిగాడు. దిగుతుంటే కుంచెలోంచి ఒక బొట్టు జారి గింజ మీద పడింది. పడ్డది పడ్డట్టు ఉండకుండా కిందికి కారింది. చేప దవడలోంచి దూరి, చేపలోంచి బయటికొచ్చి, తెల్లగోడ మీద ఆరడుగులు నడిచి, మంత్రిగారి పేరు చెక్కిన రాతిపలక మీద ఆగింది.

ఆ ఆఫీసు డైరెక్టరు డాక్టర్ పరాంకుశంగారు. ఇరవైఏళ్ళు పట్టుపురుగుల శాఖలో చేసి, పదోన్నతి మీద చేపల్లోకి వచ్చారు. శాకాహారి. చేపని పటంలో తప్ప చూసెరగరు, వాసన తగలకుండా మాట్లాడ్డం సాధన చేశారు. మంత్రిగారు గోడ ముందు నిలబడి, తన పేరు దాకా వచ్చిన ఆ ఎర్రగీతని చూసి, ఇదేమిటని అడిగారు. రంగు కారిందని చెబితే ఏమవుతుందో ఆలోచించడానికి పరాంకుశంగారికి వ్యవధి లేదు.

“అది పంచమ నాళమండి,” అన్నారు. “ఈ ప్రాంత మత్స్యముల విశిష్టత.”

“మిగతా చోట్ల చేపలకి?”

“నాలుగే నండి.”

మంత్రిగారు ముగ్ధులైపోయారు. ఆ రోజు ఉపన్యాసమంతా దాని మీదే. పక్కవాళ్ళ చేపకి నాలుగు నాళాలైతే మన చేపకి అయిదనీ, ఈ సంగతి ఇన్నాళ్ళూ తొక్కిపెట్టారనీ, ఇక అలా సాగనివ్వననీ చెప్పారు. చప్పట్లు పడ్డాయి. పేపర్లో పడింది. పదిరోజుల్లో ‘పంచమ నాళ అభివృద్ధి పథకం’ వచ్చింది, దాని వెనకాలే ఉత్తరువు వచ్చింది.

ఉత్తరువులో ఇలా ఉంది: “తీసిన ప్రతి గ్రంథినీ ముందు హాలు గోడపై గల పటముతో సరిపోల్చవలెను. చేపయు పటమును ఏకీభవించినచో మాత్రమే సదరు గ్రంథిని సూదిమందునకు విడుదల చేయవలెను. ఏకీభవించని యెడల ‘నాళ లోపము’ అని ముద్రవేసి బీరువాలో భద్రపరచవలెను. నాళముల సంఖ్యను కోసినవారు స్వహస్తముతో రాసి సంతకము చేయవలెను.”

మొదటిరోజు నాంచారమ్మ బొచ్చె కోసింది, సిరా ఎక్కించింది, చూసింది, రిజిస్టరులో నాలుగు అని రాసి సంతకం పెట్టింది. సూపరింటెండెంటు చలమయ్యగారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. ఆయన నియమాల మనిషి. అన్నానికి లేవాలన్నా గడియారం వంక చూసి, అది ఒప్పుకుంటేనే లేచేవారు.

“ఇంకోటి ఏదీ?”

“కనపళ్ళేదండి.”

“గోడ మీద ఉందిగా.”

“గోడమీద చేపని నేను కొయ్యలేదండి,” అంది నాంచారమ్మ.

చలమయ్యగారు ముద్ర వేసి గింజని బీరువాలో పెట్టి తాళం వేశారు. మర్నాడు ఇంకో ఆరు. వారం తిరిగేసరికి బీరువాలో ఒక అర నిండిపోయింది.

ఆ బీరువా తాళం వెనక ఒక ఊరు ఆగిపోయి ఉందని ఆఫీసులో నాంచారమ్మకి తప్ప ఎవరికీ పట్టలేదు. ఆమె అత్తవారి ఊరు నత్తలంక. అక్కడి ఆడవాళ్ళు నలభైమంది సంఘం కట్టి ఊరి చెరువు తీసుకున్నారు. వేసవంతా తట్టలతో గుర్రపుడెక్క లాగారు, అడుగు ఎండబెట్టారు, సున్నం చల్లారు, పేడ వేశారు. తొలకరికి నీళ్ళు పెట్టి కూర్చున్నారు. గ్రంథుల ఆఫీసు వెనక తొట్టెల్లో ఉన్న బొచ్చె తల్లులు గుడ్డు పెడితే, ఆ పిల్లలు నత్తలంక చెరువుకి. కాని గింజ బయటికి రాందే సూదిమందు లేదు, సూదిమందు లేందే గుడ్డు లేదు. తల్లులేమో పొట్టలు ఉబ్బి తొట్టె గోడలకి రాసుకుంటున్నాయి. తొలి వానల్లోనే సూది పడాలి. అవి దాటిపోతే తల్లిచేప గుడ్డుని బయటికి వదలదు, తన ఒంట్లోకే ఇంకించేసుకుంటుంది. ఆ ఏడాదికి చెరువులో నీళ్ళు తప్ప ఏమీ ఉండవు.

పరాంకుశంగారికి మాత్రం సమస్య వేరేలా కనిపించింది. పథకం వచ్చి నెల కావస్తోంది, ఒక్క అయిదూ నమోదు కాలేదు. పైకి నివేదిక పంపాలి. లోపం ఎక్కడుందో తేల్చడానికి ఆయన సమావేశం పెట్టారు. పటంలో లోపం ఉండే అవకాశం లేదు, దాన్ని మంత్రిగారు ఆవిష్కరించారు. కాబట్టి కోసిన మనిషిలో ఉండాలి.

నాంచారమ్మకి మూడురోజుల ‘నాళ దర్శన శిక్షణ’ ఇప్పించారు. పట్నం నుంచి ఒక ఆచార్యుడు వచ్చి, ముందు హాలు గోడని ఫొటో తీయించి, దాన్ని పక్కగదిలో తెరమీద వేసి, కర్రతో అయిదు నాళాలూ చూపించాడు. బతికున్నది గాని చచ్చినది గాని చేప మాత్రం ఆ గదిలోకి రాలేదు. చివరిరోజు కర్ర నాంచారమ్మకిచ్చి లెక్కపెట్టమన్నారు. ఆమె తెరమీద అయిదు లెక్కపెట్టింది. ఉన్నాయి కాబట్టి పెట్టింది. ‘అయిదు నాళములను గుర్తించగల సమర్థురాలు’ అని అట్టముక్క మీద రాసిచ్చి ఫొటో దిగారు.

మర్నాడు చేప కోసి మళ్ళీ నాలుగే రాసింది. ఇంతకుముందు అది తెలియనితనం. ఇప్పుడు చేతిలో పట్టా ఉంది కాబట్టి ధిక్కారం అయింది.

తర్వాత కళ్ళ మీదికి పోయారు. కంటి డాక్టరు ఆమెని పరీక్ష చేసి, ఈవిడ మునిమాపు వేళ సూదిలో దారం ఎక్కించగలదు, దోషమేమీ లేదన్నాడు. ఒకటి ఎక్కువ కనిపించే అద్దాలు ఉంటే రాసివ్వమని ఆఫీసు నుంచి ఉత్తరం వెళ్ళింది. డాక్టరుకి హాస్యం ఉన్నట్టుంది, నిజంగానే పంపించాడు. అవి పెట్టుకుని చూస్తే ప్రతిదీ రెండుగా కనిపించేది. నాంచారమ్మ రిజిస్టరులో, “అద్దాలతో ఎనిమిది. అద్దాలు తీస్తే నాలుగు” అని ఉన్నదున్నట్టు రాసింది. చలమయ్యగారు రెండూ కలిపి సగం చేసి ఆరు తేల్చారు. పరాంకుశంగారు ఆ కాగితం చూసి, మనం లక్ష్యాన్ని మించిపోయాం గాని లక్ష్యాన్ని అందుకోలేదు అన్నారు.

మనిషిలో లోపం లేకపోతే చేపలో ఉండాలి. ‘అయిదు నాళములు గల చేపల సరఫరా’కి టెండరు పిలిచారు. ఒక కాంట్రాక్టరు ముందుకొచ్చి నలభై చేపలు దింపాడు. ప్రతి చేప రెక్కకీ ఒక చీటీ: ‘అయిదు నాళములు సరిచూడబడినవి’. చేప బతికే ఉంది, తల మూసే ఉంది, లోపల ఎలా సరిచూశాడని ఎవరూ అడగలేదు. నాంచారమ్మ వాటిని గుర్తుపట్టింది. ఆఫీసు వెనక చెరువులోవే. ఒకదానికి తోక కొస కిందటేడు ఆమె చేతిలోనే తెగింది. కోసి చూస్తే నాలుగు. కాంట్రాక్టరుని పిలిపించారు. తను దింపినప్పుడు అయిదూ ఉన్నాయనీ, ఆఫీసు ఆవరణలోకి వచ్చాక ఒకటి పోతే తన పూచీ కాదనీ అతను రాసిచ్చాడు.

అప్పుడు సదస్సు పెట్టారు. పరాంకుశంగారే పత్రం చదివారు. “ఇంతకాలం మనం పంచమ నాళమును కంటితో వెతికి పొరపడినాము,” అన్నారు. “అదృశ్యతయే దాని ప్రధాన లక్షణము. కనిపించిన నాలుగూ సామాన్య నాళములు. కనిపించనిది ఏదో అదే పంచమము. అందుచేత నాలుగు మాత్రమే కనిపించిన ప్రతి చేపయు అయిదవదాని ఉనికికి నిదర్శనమే.”

వెనక టీ కప్పులు సర్దుతున్న నాంచారమ్మకి ప్రాణం లేచొచ్చింది. సదస్సు అయ్యాక చలమయ్యగారి దగ్గరికెళ్ళి, నాలుగు కనపడితేనే అయిదున్నట్టని అయ్యగారు చెప్పారు కదా, నేను నాలుగు రాస్తే గింజ ఒదులుతారా అని అడిగింది. ఆయన నొచ్చుకుంటూ, సిద్ధాంతం వేరు, రిజిస్టరులో గడి వేరు అన్నారు. గడిలో అయిదు ఉండాలి. కనిపించలేదన్న ముక్క వివరాల్లో రాయకూడదు.

ఇంకో వారానికి పథకం పరిధి పెరిగింది. జిల్లాలో చెరువులన్నిట్లోనూ చేపలు పరీక్ష చేయించుకుని అయిదు నాళాల ధ్రువపత్రం తెచ్చుకోవాలనీ, తెచ్చుకునేదాకా వాటిని శాశ్వత చేపలుగా పరిగణించరాదనీ, అంతవరకు అవి ‘తాత్కాలిక చేపలు’ అనీ ఉత్తరువు. పరీక్షకి చేప తల కోయాలి. తల కోసిన చేప ధ్రువపత్రం దేనికి తీసుకుంటుందో ఉత్తరువులో లేదు. తొమ్మిదేళ్ళుగా తాత్కాలికంగానే ఉన్న నాంచారమ్మకి చేపల మీద జాలి వేసింది.

ఆ సోమవారం నత్తలంక ఆడవాళ్ళు పదిమంది ఆఫీసుకొచ్చారు. సంఘం పెద్ద ధనకోటమ్మ, నాంచారమ్మకి తోటికోడలు. గేటు దగ్గర ఆపేస్తే, బయటి గట్టుమీదే కూర్చుని నాంచారమ్మని పిలిపించుకుంది.

“ఏంటక్కా, నువ్వు ఒక్క అంకె రాయనందుకంట గదా గింజలు బీరువాలో కూకున్నాయి?”

“ఉన్నయ్యి నాలుగేనే కోటమ్మా.”

“ఉంటే ఉన్నయ్యి. అయిదని రాసేత్తే సేప ఒచ్చి నిన్ను కోర్టుకీడుత్తదా? చెయ్యి అరిగేలా డెక్క లాగాం. నా అరిసేతులు సూడు.” చూపించింది. చర్మం ఊడి ఎర్రగా ఉన్నాయి. “నువ్వు సదువుకున్నదానివని మేం సంబరపడ్డాం గదక్కా. ఇంతకన్నా ఏలిముద్ర దానివిగా ఉంటే ఈపాటికి సెరువు నిండిపోయేది.”

నాంచారమ్మకి ఆ మాట తప్పనిపించలేదు. మిగతావాళ్ళ చేతులు కూడా ఒళ్ళో వెల్లకిలా ఉన్నాయి. ఆమె లోపలికొచ్చి తొట్టె దగ్గర కూర్చుంది. పెద్ద బొచ్చె తల్లిని చేతుల్లోకి తీసుకుని పొట్ట తడిమింది. ఇంకా మెత్తగానే ఉంది. ఇంకో నాలుగురోజులు, మహా అయితే అయిదు. ఈ లెక్కలో మాత్రం అయిదు కుదురుతుంది.

అయిదని రాయడానికి కలం చేతిలోకి తీసుకుంది కూడా. అలవాటు చొప్పున, రాసేముందు గోడకి అంటించిన ఉత్తరువుని వేలు పెట్టి మొదట్నించీ చదివింది. “చేపయు పటమును ఏకీభవించినచో...” వేలు అక్కడ ఆగింది. కిందదాకా చదివింది, మళ్ళీ పైకి వచ్చింది. మూడుసార్లు చదివింది. ఆ కాగితంలో ఎక్కడా అయిదు అన్న మాటే లేదు. చేపా పటమూ ఒకటిగా ఉండాలి, అంతే. చేపకి ఒకటి చేర్చడం తన వల్ల కాదు. అది దేవుడి పని. పటంలోంచి ఒకటి తియ్యడానికి అంత పెద్దవాడు అక్కర్లేదు.

ఒంటిగంటకి చలమయ్యగారి గడియారం ఒప్పుకుంది, ఆఫీసంతా అన్నానికి లేచింది. నాంచారమ్మ కొంగు బిగించి, గోడవారగా ఉన్న నిచ్చెన జరుపుకుంది. పొలుసులు గీకే చిన్నకత్తి తీసుకుంది. గింజ దగ్గర మొదలుపెట్టి, దవడ మీదుగా, చేప బయటికి, తెల్లగోడ మీదుగా, మంత్రిగారి పేరు దాకా, ఆ ఎర్రగీతని శీలావతికి పొలుసు గీకినట్టు గీకేసింది. మిగతా నాలుగూ చెక్కుచెదరలేదు. ఆ చేతికి ఏది తియ్యాలో ఏది ఉంచాలో తెలుసు. కోసినచోట పొలుసు వదిలి వెళ్ళడం ఆమె ఒంటికి పడదు కాబట్టి, కిందరాలిన పెచ్చులన్నీ పేపరు ముక్కలోకి ఊడ్చి పొట్లం కట్టి, చెత్త గంపలో వేసింది.

రెండింటికి చేప కోసింది. నాలుగు రాసింది. సంతకం పెట్టింది. చలమయ్యగారు అలవాటుగా ‘నాళ లోపము’ ముద్ర చేతిలోకి తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళారు. వేలితో లెక్కపెట్టారు. నాలుగు. రిజిస్టరు చూశారు. నాలుగు. ఆయన ముఖంలో నెలన్నర తర్వాత మొదటిసారి శాంతి కనిపించింది. ఎన్ని ఉండాలన్నది ఆయన పని కాదు, కలిశాయా లేదా అన్నదే ఆయన పని. రెండో ముద్ర వెతికి, దుమ్ము దులిపి, ‘ఏకీభవించినది’ అని వేశారు. ఆ ధోరణిలోనే బీరువా తెరిచి, అందులోవన్నీ కూడా నాలుగే కాబట్టి, వాటన్నిటికీ వేశారు.

ఆ సాయంత్రమే తల్లులకి సూది పడింది. పొద్దున్నే తొట్టెల్లో గుడ్లు, సగ్గుబియ్యం జావలా. నాలుగోరోజుకి పిల్లలు గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో నత్తలంక చేరాయి. ధనకోటమ్మ సంచుల మూతులు విప్పి చెరువులోకి వంచుతూ, అక్క అయిదని రాసేసింది కాబోలనుకుని కొంచెం బాధపడిందట కూడా.

అయిదోరోజు పరాంకుశంగారు ఎవరో అతిథుల్ని తీసుకొచ్చి గోడ ముందు నిలబెట్టారు. నాలుగు నాళాలూ వర్ణించి, గొంతు సవరించుకుని, కర్ర ఎత్తి, ఇక ఇదే మన పంచమ నాళము అన్నారు. కర్ర ఒట్టిగోడకి తగిలింది.

దొంగతనం కింద ఫిర్యాదు వెళ్ళింది. పోయిన వస్తువు: నాళము, ఒకటి. పొడవు ఆరడుగుల పైచిలుకు. రంగు ఎరుపు. ఎస్.ఐ. వచ్చి, ఎవరిది పోయిందని అడిగాడు. చేపదని చెప్పారు. చేప ఎక్కడుందంటే గోడ చూపించారు. ఆయన కాసేపు గోడవంకా, కాసేపు పరాంకుశంగారి వంకా చూసి, అనుమానం ఎవరి మీదనైనా ఉందా అని రాసుకోబోతుంటే, నాంచారమ్మ చీపురు పక్కన పెట్టి ముందుకొచ్చింది.

“నేనే గీకానండి. రంగు కారిన చార అండి అది. పొట్లం కట్టి గంపలో ఏశాను. సూడండి, ఉంటే ఉంటది.”

ఉంది. ఆ గంప నెలకోసారి గాని ఎత్తరు. పొట్లం స్వాధీనం చేసుకుని, లక్కసీలు వేశారు.

శాఖాపరమైన విచారణలో మీరాసాహెబుని పిలిపించారు. తన కుంచె నుంచి బొట్టు జారిన మాట ఆయన దాచకుండా చెప్పాడు. సదరు సాక్షికి శరీర నిర్మాణ శాస్త్రంలో అర్హత లేనందున ఆయన అభిప్రాయం స్వీకరించలేదని కమిటీ రాసుకుంది. నత్తలంకకి పంపిన పిల్లల్ని వెనక్కి ఇవ్వాలని సంఘానికి తాఖీదు వెళ్ళింది. ధనకోటమ్మ కార్డు రాయించింది. “మీ పిల్లలు మా చెరువులో క్షేమం. వచ్చి పట్టుకోండి. గుర్తుపట్టినవాటిని తీసుకుపోండి.” ఎవరూ రాలేదు.

విచారణ చివరిరోజు పరాంకుశంగారు నిలబడ్డారు. ఇంత తేలిగ్గా, ఇంత వెలుగుతో ఆయన ముఖాన్ని ఎవరూ చూడలేదు.

“లేని వస్తువును దొంగిలించుట సాధ్యమా? సాధ్యము కాదు. దొంగతనము జరిగినది. ముద్దాయియే ఒప్పుకొన్నది. సొత్తు దొరికినది, పోలీసువారు ధ్రువీకరించినారు. కావున పంచమ నాళము ఉన్నది. ఇంతకాలము మనకు కొరవడిన భౌతిక నిదర్శనము నేడు లభించినది.”

కమిటీ తలలూపింది. ఆ వాదనలో సందు వెతకడానికి నాంచారమ్మ తన మట్టుకు తను ప్రయత్నించింది గాని, చేపలా జారిపోయింది. పరాంకుశంగారికి ఆ ఏడాది సన్మానం జరిగింది. ఎర్రపెచ్చుల్ని సారా నీళ్ళలో వేసి, సీసాకి చీటీ అంటించి, ముందు హాల్లో అద్దాల పెట్టెలో పెట్టారు. చీటీమీద ‘పంచమ నాళము’ అని ఉంది. గోడని మళ్ళీ దిద్దుదామనుకున్నారు గాని, కేసు తేలేదాకా నేరం జరిగిన స్థలాన్ని ముట్టుకోకూడదు. కాబట్టి గోడమీద నాలుగే. చేపలోనూ నాలుగే. గింజలు రోజూ ఏకీభవిస్తున్నాయి.

నాంచారమ్మని ఏం చెయ్యాలన్నది మిగిలింది. తీసేద్దామంటే గింజ పగలకుండా తీసే చెయ్యి ఇంకోటి లేదు. పైగా, చలమయ్యగారు నియమాలు తిరగేసి ఒక ఇబ్బంది ఎత్తి చూపించారు. స్వాధీనం చేసుకున్న సొత్తుని చూసి అదేనని గుర్తుపట్టగలిగే మనిషి సంరక్షణలో ఉంచాలి. పంచమ నాళాన్ని చేత్తో తాకినవాళ్ళు ఈ భూమ్మీద ఒక్కరే ఉన్నారు. అలా నాంచారమ్మ అదే కేసులో ముద్దాయీ, అదే నాళానికి నిపుణురాలూ అయింది. నిపుణురాలి పదవి కూడా తాత్కాలికమే.

ఇప్పుడు రోజూ పదిన్నరకి ఆమె అద్దాల పెట్టె తాళం తీసి, సీసాని వెలుతురుకెత్తి చూసి, సంరక్షణ రిజిస్టరులో ‘కనిపించినది’ అన్న గడి నింపాలి. ఆమె నింపుతుంది. “సీసా ఒకటి. లోపల గోడరంగు పెచ్చులు.” వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుంటుంది. సంతకం పెడుతుంది. పదకొండింటికి పరాంకుశంగారు వచ్చి, దాని కింద, “పరిశీలించి ధ్రువీకరించడమైనది” అన్న ముద్ర వేయించి, చూపు గోడ మీదే ఉంచి తన పేరు గీస్తారు.

ఇప్పటికి రెండు రిజిస్టర్లు నిండాయి. పైన ఉన్నది నాంచారమ్మ సంతకం. కిందది సంతకమో వేలిముద్రో ఆ పంతులమ్మే చెప్పాలి.